దుఃఖం తగిలిన గుండె

1983లో జపాన్‌లోని హిరోషిమా నగర ఆసుపత్రికి 64 ఏళ్ల మహిళ ఒకరు తీవ్రమైన ఛాతీ నొప్పితో వచ్చారు. ఈసీజీలో గుండెపోటు వచ్చినవాళ్లకు కనిపించే మార్పులే కనిపించాయి. ఏదో ఒక రక్తనాళం పూడుకుపోయి ఉంటుందనుకుని డాక్టర్లు యాంజియోగ్రామ్ చేశారు. ఎక్కడా అడ్డు లేదు. గుండెకు రక్తం అందించే ధమనులన్నీ తెరిచే ఉన్నాయి. అయినా గుండె కండరం సగానికి సగం పని మానేసి ఉంది.

ఆ గుండె ఎలా ఉందో తెలియాలంటే యాంజియోగ్రామ్ గదిలో డాక్టర్లు తెర మీద చూసేదేమిటో మనమూ చూడాలి. సన్నటి గొట్టం ద్వారా గుండె ఎడమ జఠరికలోకి రంగు మందు ఎక్కిస్తారు. ఒళ్లంతటికీ రక్తాన్ని నెట్టే గది అదే. మందు చేరగానే ఆ గది ఎక్స్‌రే తెర మీద నల్లగా తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో ప్రతి స్పందనకూ ఆ నల్లటి ఆకారం అన్ని వైపుల నుంచీ ఒకేసారి దగ్గరికి వస్తుంది. లోపలి రక్తంలో సగానికి పైగా బృహద్ధమనిలోకి వెళ్లిపోతుంది. హిరోషిమా డాక్టర్లు చూసింది వేరు. గది పైభాగం, అంటే బృహద్ధమనికి దగ్గరగా ఉన్న భాగం, మామూలుకన్నా గట్టిగా బిగుసుకుంటోంది. కింద కొనవైపు భాగంలో మాత్రం చలనం లేదు. పైన బిగుసుకున్న కొద్దీ కింద బయటికి ఉబ్బుతోంది. స్పందన ముగిసేసరికి తెర మీద మిగిలిన ఆకారం సన్నటి మెడతో, గుండ్రటి అడుగుతో ఉన్న ఒక కుండ.

అలాంటి కుండలు జపాన్ జాలరులకు బాగా తెలుసు. ఆక్టోపస్‌లను పట్టడానికి వాటిని తాళ్లకు కట్టి సముద్రంలోకి దించుతారు. తల దాచుకోవడానికి ఆక్టోపస్ అందులో దూరుతుంది. జాలరి కుండను పైకి లాగుతాడు. ఆ కుండ పేరు తకోత్సుబో. డాక్టర్ హికారు సాటో, ఆయన సహచరులు 1990లో ఈ జబ్బు గురించి జపనీస్‌లో రాస్తూ ఆ పేరే పెట్టారు. నేటికీ ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుస్తోంది.

రెండు వారాల తర్వాత ఆ మహిళకు మళ్లీ పరీక్ష చేశారు. గుండె మామూలు ఆకారానికి వచ్చేసింది. వైద్యుల్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఈ సంగతే. గుండెపోటులో రక్తం అందక చచ్చిపోయిన కండరం తిరిగి బతకదు; అక్కడ మచ్చ కడుతుంది. ఇక్కడ సగం గుండె ఆగినంత పనైనా కండరం చావలేదు. మ్రాన్పడిపోయింది, అంతే. తర్వాత మెల్లగా తేరుకుంది.

మనసుకు తగిలిన దెబ్బ కండరాన్ని ఇలా మ్రాన్పడేలా చేయగలదని వైద్యశాస్త్రం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఎలా ఒప్పుకుందో, ఒప్పుకున్నాక ఏం తేలిందో, అది మన ఇళ్లలో మనం చేసే పనులను ఎలా మార్చాలో చెప్పడమే ఈ అధ్యాయం పని.

భయంతో మనిషి చనిపోతాడా?

భయపడినప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని వివరించిన శాస్త్రవేత్త హార్వర్డ్‌కు చెందిన వాల్టర్ కానన్. చేతబడి జరిగిందని, శాపం తగిలిందని గట్టిగా నమ్మిన మనుషులు ఏ గాయమూ లేకుండా చనిపోయిన కథనాలను ఆయన పోగుచేసి 1942లో ఒక వ్యాసం రాశారు. వాటిని మూఢనమ్మకాలని తోసిపుచ్చలేదు. తీవ్రమైన భయం నాడీ వ్యవస్థ ద్వారా శరీరాన్ని కుప్పకూల్చగలదని వాదించారు. అయితే ఆయన చేతిలో కథనాలే తప్ప శవపరీక్షలు లేవు.

శవపరీక్షల సాక్ష్యం 1980లో వచ్చింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో దాడికి గురై చనిపోయిన 15 మంది గుండెలను సెబెలిన్, హిర్ష్ అనే ఇద్దరు వైద్యులు పరిశీలించారు. ప్రాణం తీసేంతటి గాయాలు వాళ్ల శరీరాల్లో లేవు. కానీ 15 మందిలో 11 మంది గుండె కండరంలో ఒక ప్రత్యేకమైన నష్టం కనిపించింది. ప్రయోగశాలలో జంతువులకు అడ్రినలిన్ జాతి రసాయనాలు మితిమీరి ఎక్కిస్తే కండరం ఎలా దెబ్బతింటుందో ఇదీ అలాగే ఉంది. వాళ్ల ప్రాణం తీసింది దెబ్బలు కాదు, ఆ దాడిలో వాళ్లు పడ్డ భయం అని ఆ ఇద్దరూ తేల్చారు.

అయినా జపాన్ బయట ఈ జబ్బు మీద పెద్దగా చర్చ జరగలేదు. 2005లో అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి నుంచి ఇలాన్ విట్‌స్టీన్ బృందం రాసిన వ్యాసం వచ్చాకే వైద్యలోకం దృష్టి ఇటు మళ్లింది. వాళ్లు చూసిన రోగులు 19 మంది. ఒక్కరు తప్ప అందరూ ఆడవాళ్లే. ఒకరికి ఆప్తుల చావు కబురు, ఒకరికి కారు ప్రమాదం, ఒకరికి ఆయుధాలతో దోపిడీ, ఒకరికి కోర్టులో నిలబడాల్సి రావడం, ఒకరికి పదిమందిలో మాట్లాడాలన్న భయం. ఒకరికైతే చుట్టాలూ స్నేహితులూ ముందుగా చెప్పకుండా ఏర్పాటు చేసిన విందు! ప్రతి ఒక్కరి వెనకా మనసును కుదిపేసిన ఒక ఘటన ఉంది.

ఆ వ్యాసాన్ని అంత బలంగా నిలబెట్టింది రెండు కొలతలు. మొదటిది గుండె 'పంపింగ్', అంటే ప్రతి స్పందనకూ ఎడమ జఠరికలోని రక్తంలో ఎంత శాతం బయటికి వెళ్తుందో ఆ లెక్క. మన ఆసుపత్రుల్లో ఎకో రిపోర్టు చూసి డాక్టర్లు చెప్పే అంకె అదే. ఆరోగ్యవంతుల్లో ఇది సాధారణంగా 55 శాతానికి పైన ఉంటుంది. ఈ రోగులు ఆసుపత్రిలో చేరినప్పుడు సుమారు 20 శాతమే ఉంది. ఆ అంకె విన్న ఏ కుటుంబానికైనా కాళ్ల కింద నేల కదులుతుంది. మూడు వారాలయ్యేసరికి అదే 60 శాతానికి చేరింది. రెండో కొలత రక్తంలోని అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ మోతాదు. తీవ్రమైన గుండెపోటుతో చేరినవాళ్లలో ఉన్నదానికి అది రెండు మూడు రెట్లు ఉంది. గుండెపోటు నొప్పీ, ప్రాణభయమూ కలిసినా అంత అడ్రినలిన్ పుట్టలేదు. దుఃఖం, భయం పుట్టించాయి.

మరుసటి ఏడాది, 2006లో, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీన్ని గుండె కండర వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఎవరికి వస్తుంది, ఎప్పుడు వస్తుంది

గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి వరకు ఈ జబ్బు ఉన్నవాళ్లే. ఆడవాళ్లను మాత్రమే లెక్కిస్తే నూటికి ఐదారుగురు. జూరిచ్ కేంద్రంగా నడుస్తున్న అంతర్జాతీయ రిజిస్ట్రీ యూరప్, అమెరికాల్లోని 26 ఆసుపత్రుల నుంచి 1,750 మంది రోగుల వివరాలను సేకరించి 2015లో ప్రకటించింది. వాళ్లలో దాదాపు 90 శాతం ఆడవాళ్లు. సగటు వయసు 67 ఏళ్లకు కాస్త తక్కువ. అంటే ఎక్కువమంది నెలసరి ఆగిపోయి చాలా ఏళ్లయినవాళ్లు.

ఆ లెక్కల్లో మరో సంగతి బయటపడింది. మనసుకు తగిలిన దెబ్బ కారణమైనది సుమారు 28 శాతం మందిలో. 36 శాతం మందిలో కారణం శారీరకమైనది: ఆపరేషన్, తీవ్రమైన ఆయాసం, మెదడులో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, ఎముక విరగడం వంటివి. కొందరిలో రెండూ కలిశాయి. మరో 28 శాతం మందిలో ఏ కారణమూ కనిపించలేదు. కాబట్టి 'నాకే దిగులూ లేదు, ఇది నాకెందుకు వస్తుంది' అనుకోవడానికి వీల్లేదు. మనసుకు తగిలినా, ఒంటికి తగిలినా శరీరం నడిచే దారి ఒకటే.

ఒక్కొక్కరికి ఒక్కో కారణంతో వచ్చే ఈ జబ్బు, ఊరంతటికీ ఒకేసారి కష్టం వచ్చినప్పుడు గుంపుగా వస్తుంది. 2004 అక్టోబరులో జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో భూకంపం వచ్చాక ఆ చుట్టుపక్కల ఈ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని భూకంపం కూల్చాక కొద్ది రోజుల్లోనే సుమారు ఇరవై మంది ఇదే జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. కొవిడ్ తొలి నెలల్లో, 2020 మార్చి, ఏప్రిల్‌లలో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రులకు గుండెపోటు లక్షణాలతో వచ్చినవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఈ జబ్బే ఉన్నట్టు తేలింది. అంతకుముందు అది రెండు శాతం లోపే ఉండేది. ఆ రోగుల్లో ఎవరికీ కొవిడ్ సోకలేదు. వాళ్లను దెబ్బకొట్టింది వైరస్ కాదు. ఒంటరితనం, ఉపాధి పోతుందన్న దిగులు, అయినవాళ్లకు ఏమవుతుందోనన్న భయం.

పట్టరాని సంతోషమూ ఇదే పని చేయగలదు. మనోభావాల వల్ల జబ్బు వచ్చిన 485 మందిని జూరిచ్ బృందం 2016లో వేరుచేసి చూసింది. వాళ్లలో 20 మందికి కారణం శుభవార్తే: పుట్టినరోజు వేడుక, కొడుకు పెళ్లి, మనవడో మనవరాలో పుట్టడం వంటివి. గుండెకు చేరేది ఉద్వేగం తీవ్రత మాత్రమే. అది మంచిదో చెడ్డదో గుండె కండరానికి తెలియదు.

అడ్రినలిన్ గుండెను ఎలా ఆపుతుంది?

చెడ్డ కబురు చెవిన పడగానే మెదడు లోపలి పొరల్లోని భావోద్వేగ కేంద్రాలు మేలుకుంటాయి. అక్కడి నుంచి సంకేతం రెండు దారుల్లో గుండెకు చేరుతుంది. ఒకటి నరాల దారి: గుండె కండరంలోకి పాకిన నరాల చివర్లు నార్‌అడ్రినలిన్‌ను అక్కడికక్కడే విడుదల చేస్తాయి. రెండోది రక్తం దారి: మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. మామూలు మోతాదులో ఇవి గుండెకు బలం. మెట్లెక్కుతున్నప్పుడు గుండె వేగంగా, గట్టిగా కొట్టుకునేది వీటి చలవతోనే. కండర కణాల ఉపరితలం మీద ఉండే బీటా గ్రాహకాలను ఇవి తాకితే కణంలో కాల్షియం పెరుగుతుంది, కండరం గట్టిగా బిగుసుకుంటుంది.

మరి బలాన్నిచ్చేదే గుండెను ఆపేయడానికి కారణం ఏమిటి? ఇక్కడ గుండె నిర్మాణంలోని ఒక తేడా ముఖ్యం. గుండె పైభాగంలో నరాల చివర్లు దట్టంగా ఉంటాయి. కింది కొన దగ్గర నరాలు తక్కువ. ఆ లోటును పూడ్చడానికా అన్నట్టు అక్కడ బీటా గ్రాహకాలు ఎక్కువ. అంటే రక్తంలో కొట్టుకొచ్చే అడ్రినలిన్‌కు అన్నిటికన్నా ఎక్కువ స్పందించేది గుండె కొనే. అడ్రినలిన్ ఉప్పొంగితే మొదట దెబ్బ తినేదీ అదే. తెర మీద కుండ ఆకారం కనిపించడానికి కారణం ఇది.

ఇక కణం లోపల జరిగేది చూద్దాం. బీటా గ్రాహకాల్లో రెండో రకానికి ఒక విచిత్ర గుణం ఉంది. అడ్రినలిన్ మితంగా ఉన్నంతసేపు అది కండరాన్ని ఉత్సాహపరుస్తుంది. మోతాదు హద్దు దాటితే అదే గ్రాహకం లోపలి సంకేతాన్ని తిప్పేసి కండరాన్ని నెమ్మదింపజేస్తుంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2012లో ఎలుకల మీద దీన్ని చూపించారు. ఎలుకల రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కువ అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కొన మ్రాన్పడింది, పైభాగం పనిచేస్తూనే ఉంది. ఈ మలుపును అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే కొన బలహీనపడటం తగ్గింది గానీ ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. దీన్నిబట్టి పరిశోధకులు ఒక నిర్ణయానికి వచ్చారు. మితిమీరిన అడ్రినలిన్ విషంలా కండరాన్ని చంపేయకుండా గుండె తనను తాను కాసేపు నిలిపేసుకుంటోందని వాళ్ల అభిప్రాయం. మనం జబ్బు అనుకుంటున్న ఆ బలహీనతలో కొంత గుండె ఆత్మరక్షణే కావచ్చు.

దీనికి తోడు అడ్రినలిన్ జాతి రసాయనాలు గుండెలోని సూక్ష్మ రక్తనాళాలను బిగబట్టేస్తాయి. యాంజియోగ్రామ్‌లో కనిపించే పెద్ద ధమనులు తెరిచే ఉన్నా, వాటి చివర ఉండే కంటికి ఆనని నాళాలు ముడుచుకుంటే కండరానికి రక్తం చాలదు. ఎమ్మారై తీస్తే ఆ భాగంలో నీరు చేరి వాపు కనిపిస్తుంది. గుండెపోటులో కనిపించే మచ్చ మాత్రం సాధారణంగా ఉండదు.

ఆడవాళ్లకే ఎందుకు ఎక్కువ?

ఈస్ట్రోజెన్ హార్మోన్ రక్తనాళాలను సడలించి ఉంచుతుంది, అడ్రినలిన్ ధాటిని కొంత కాచుకుంటుంది. నెలసరి ఆగిపోయాక ఆ రక్షణ సన్నగిల్లుతుంది. ఈ జబ్బు సగటు వయసు అరవై దాటి ఉండటానికి ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. మగవాళ్లకు తక్కువగా వస్తుంది. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా ఏదో పెద్ద శారీరక జబ్బు వెంటే వస్తుంది, ప్రాణాపాయమూ ఎక్కువే.

మెదడు పాత్ర మీద గత కొన్నేళ్లలో మంచి పరిశోధన జరిగింది. జూరిచ్ బృందం 2019లో ఈ రోగుల మెదళ్లను ఎమ్మారైతో పరీక్షించింది. భావోద్వేగాలను పుట్టించే కేంద్రాలకూ, గుండె, ఊపిరి వంటి అసంకల్పిత పనులను అదుపు చేసే కేంద్రాలకూ మధ్య సంబంధం ఆరోగ్యవంతులకన్నా వీళ్లలో బలహీనంగా ఉన్నట్టు కనిపించింది. జబ్బు వచ్చాక అలా అయిందా, ముందే అలా ఉండటం వల్ల జబ్బు వచ్చిందా అన్న ప్రశ్నకు 2021లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బృందం జవాబు వెతికింది. వేరే అవసరాలకు, చాలామందికి క్యాన్సర్ పరీక్షల కోసం, ఎప్పుడో తీసిన 104 మంది స్కాన్లను తిరగేసింది. వాళ్లలో 41 మందికి తర్వాతి కాలంలో ఈ గుండె జబ్బు వచ్చింది. భయాన్ని, ఒత్తిడిని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఎవరి మెదడులో ఎక్కువ చురుగ్గా ఉందో, వాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశమూ ఎక్కువగా ఉంది, త్వరగానూ వచ్చింది. స్కాన్ తీసేనాటికి వాళ్ల గుండెకు ఏమీ కాలేదు.

అంటే చివరి రోజున విన్న చెడ్డ కబురు ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి ఉన్న ఒత్తిడి మెదడును ముందే సిద్ధం చేసి ఉంచుతుండవచ్చు. రిజిస్ట్రీలోని రోగుల్లో సగానికి పైగా ఏదో ఒక మానసిక లేదా నాడీ సంబంధ జబ్బు ఇదివరకే ఉన్నవాళ్లు. మానసిక ఆరోగ్యానికి వైద్యం చేయించుకోవడం గుండెను కాపాడుకోవడంలో భాగం కావచ్చని ఇవన్నీ సూచిస్తున్నాయి.

ప్రమాదం లేదనుకోవద్దు

తిరిగి కోలుకునే జబ్బు కదా అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు. ఆసుపత్రిలో ఉండగానే నూటికి నలుగురు చనిపోతున్నారు. పదిమందిలో ఒకరికి రక్తపోటు పడిపోయి షాక్ వస్తుంది. కొందరిలో గుండె లయ తప్పుతుంది. కదలని కొనలో రక్తం నిలవడంతో గడ్డ కట్టి, అది మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

చికిత్సలో ఒక మెలిక ఉంది. బీపీ పడిపోయిన రోగికి మామూలుగా అడ్రినలిన్, డోబుటమిన్ వంటి మందులు ఎక్కించి గుండెను ఉత్సాహపరుస్తారు. ఈ జబ్బులో అవి ఆజ్యం పోసినట్టే. జబ్బు తెచ్చిందే ఆ జాతి రసాయనం. పైగా కొందరిలో గుండె పైభాగం అతిగా బిగుసుకుని రక్తం బయటికి పోయే దారినే మూసేస్తుంది. అప్పుడు ఆ మందులు ఇస్తే దారి ఇంకా మూసుకుపోతుంది. అందుకే అనుభవమున్న డాక్టర్లు షాక్ కనిపించగానే ముందు ఎకో చేసి ఆ దారి ఎలా ఉందో చూస్తారు. అవసరమైతే గుండె తేరుకునేదాకా యంత్రాల సాయంతో రక్త ప్రసరణ నిలబెడతారు. కోలుకునే దశలో ఏసీఈ నిరోధకాలనే బీపీ మందుల జాతి వాడినవాళ్లు ఏడాది తర్వాత ఎక్కువగా బతికి ఉన్నట్టు రిజిస్ట్రీ లెక్కలు చెప్పాయి. అడ్రినలిన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి బీటా బ్లాకర్లు మేలు చేస్తాయని అందరూ ఆశించారు. ఆ లెక్కల్లో మాత్రం వాటికి అలాంటి మేలు కనిపించలేదు.

పంపింగ్ మామూలుకు వచ్చాక కూడా చాలామంది నెలల తరబడి ఆయాసం, నీరసం అని చెబుతారు. 'రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకేం లేదు' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. వాళ్లు చెప్పేది నిజమని స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పరిశోధకులు నిరూపించారు. జబ్బు వచ్చి ఏడాది దాటిన 37 మందిని డానా డాసన్ బృందం పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించింది. గుండె కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌కూ, కణం వాడుకునే ఇంధనమైన ఏటీపీకీ మధ్య నిష్పత్తి ఆరోగ్యవంతుల్లో సుమారు 1.9 ఉంటే వీళ్లలో 1.3 మాత్రమే ఉంది. కండరానికి క్షణాల్లో శక్తినిచ్చే నిల్వ ఫాస్ఫోక్రియేటిన్. అది తగ్గితే గుండె కొట్టుకుంటూనే ఉన్నా, పని పెరిగినప్పుడు తట్టుకోలేదు. ఆ ఆయాసం మనసు సృష్టించింది కాదు, కండరంలో శక్తి కొరత.

ఇక్కడ మన భీమవరం బిడ్డ ఒకరిని తలుచుకోవాలి. కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ ఉందని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినవారు ఎల్లాప్రగడ సుబ్బారావు. కండరం శక్తిని ఎలా దాచుకుంటుందో ఆనాడు ఆయన వెలికితీసిన ఆధారంతోనే, దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, దుఃఖం తగిలిన గుండెలో మిగిలిపోయిన బలహీనతను కొలవగలిగారు.

జబ్బు మళ్లీ రావచ్చు కూడా. ఏటా నూటికి ఒకరిద్దరిలో తిరగబెడుతుంది. అందుకే ఒకసారి వచ్చినవాళ్లు కార్డియాలజిస్టు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్తూ ఉండాలి.

చావు ఇంట్లో ఛాతీ నొప్పి

దుఃఖం ఈ జబ్బునొక్కదాన్నే కాదు, అసలు గుండెపోటును కూడా తేగలదు. భార్యలు చనిపోయిన 4,486 మంది బ్రిటిష్ పురుషులను పరిశోధకులు తొమ్మిదేళ్లు గమనించి 1969లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లందరూ 55 ఏళ్లు దాటినవాళ్లు. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు అదే వయసు పెళ్లయిన మగవాళ్లకన్నా 40 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో పెద్ద వాటా గుండె జబ్బులదే. 2012లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం ఆప్తులు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలుకన్నా ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. అయినా ఒక్కొక్కరి విషయంలో చూస్తే ఆ ముప్పు చిన్నదే. కానీ బీపీ, షుగర్, పాత గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో అంత చిన్నది కాదు.

చావు ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. భర్త పోయిన పెద్దావిడ గోడకు ఆనుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్లందరూ ఆమెను పట్టుకుని ఏడుస్తారు. రెండు రోజులుగా ఆమె సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. బీపీ మాత్ర వేసుకుందో లేదో ఎవరూ అడగలేదు. అలాంటప్పుడు ఆమె ఛాతీలో బరువుగా ఉందన్నా, ఊపిరాడటం లేదన్నా, చెమటలు పోసినా 'ఏడ్చి ఏడ్చి అలా అయింది', 'గ్యాస్ పట్టేసి ఉంటుంది' అనుకుని మంచినీళ్లిచ్చి పడుకోబెడతారు. ప్రేమ లేక కాదు. దుఃఖానికి గుండెను దెబ్బతీసే శక్తి ఉందని తెలియక.

ఆ నొప్పి గ్యాస్ నొప్పో, గుండెపోటో, తకోత్సుబోనో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. డాక్టర్లు సైతం ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష, ఎకో, చాలాసార్లు యాంజియోగ్రామ్ కూడా చేశాకే చెప్పగలరు. కాబట్టి పాఠకులను నేను కోరేది ఇదే. దుఃఖంలో, భయంలో ఉన్న మనిషి, ముఖ్యంగా యాభై దాటిన ఆడమనిషి, ఛాతీ నొప్పి అంటే దాన్ని గుండెపోటుగానే భావించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. యాంజియోగ్రామ్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరుకు నొప్పి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. ఇంట్లో ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో కూడా చెప్పండి. ఆ ఒక్క మాట రోగ నిర్ధారణకు దారి చూపించవచ్చు. ధమనుల్లో బ్లాకులు లేవని తేలాక 'ఏమీ లేదట' అని ఇంటికి తీసుకొచ్చేయకండి. ఎకోలో గుండె కదలిక ఎలా ఉందో అడిగి తెలుసుకోండి.

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్తే, ఓదార్పు మాటలతో పాటు మరో పని పెట్టుకోండి. ఆ పెద్దావిడ రోజూ వేసుకునే మాత్రలు ఏవో కనుక్కుని వేళకు వేయించండి. నాలుగు ముద్దలు తినిపించండి. రాత్రి ఎవరో ఒకరు పక్కన పడుకునేలా చూడండి. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా వెళ్లిపోయాక కూడా వారానికోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగండి. ఆయాసమొస్తోందని ఆమె చెబితే నమ్మండి. దిగులు నెలల తరబడి వదలకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లడానికి సంకోచించకండి. మ్రాన్పడిన గుండె కోలుకోవడానికి చాలాసార్లు కొన్ని వారాలు చాలు. ఆ వారాలు ఆమెకు దక్కేలా చూసే బాధ్యత చుట్టూ ఉన్న మనందరిదీ.